భైరవసింగం దివసం

"ఏమబ్బా సాయిప్రసాదూ, పొద్దున్నుంచీ ఆ ఫోన్లో ఎన్నిసార్లు సచ్చినావు? పదకొండుసార్లా! పదకొండుసార్లు సచ్చినోడు నా అరుగు మీద కూసోని ఇంత తీరిగ్గా బొరుగులు తింటాండావే, సిగ్గుగా లేదా? మీ ఇంట్లో ఒక్కరన్నా ఏడ్చినారా? ఇట్ల జరుగు. ఆ ఫోను బోర్లా పెట్టు. నిజంగా సచ్చి లేసినోని కత చెప్తా."

పక్కింటి సాయిప్రసాదుకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. వాడు సగంలో లేచి వెళ్ళిపోయాడు. మీరైనా కూర్చోండి.

నా పేరు గంగాధర. ధర్మవరంలో మగ్గం మీద అయిపోయిన పాత పోగుల చివర కొత్త పోగులు అతికే పని నాది. చదివింది ఆరో తరగతి, అదీ రెండుసార్లు. పెళ్ళి కాలేదు. మా అన్న హనుమంతరాయుడి ఇంట్లోనే ఉంటాను. ఊరివాళ్ళను ఏడిపించడం నాకు అన్నంతో సమానం. మడకశిర నుంచి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను ఎదురింటికి పంపి, వాళ్ళు అక్కడ ఉప్మా తిని పిల్ల ఎక్కడని అడిగేదాకా నోరు మెదపకుండా కూర్చున్నది నేనే. అది నా చిన్న పనుల్లో ఒకటి.

మా అన్న మాత్రం నవ్వడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. గోరింకల అంచు అని ఒక డిజైను ఉంది. అది ఆయన సొంతం. రెండు గోరింకలు, ఒకటి వెనక్కి తిరిగి రెండోదాన్ని చూస్తూ ఉంటుంది. ఆ తిరిగిన మెడను సరిగ్గా కుదర్చడానికి ఆయనకు ఒక చలికాలం పట్టింది.

ఆయన కొడుకు ధనుంజయ హిందూపురంలో ఒక స్నేహితుడితో కలిసి మరమగ్గాలు పెట్టాడు. పెడితే పెట్టాడు. వెళ్ళేటప్పుడు గోరింకల డిజైనును కూడా చెప్పకుండా తీసుకుపోయాడు. ఆ సంగతి మాకు పోయినేడు జ్యేష్ఠంలో, మడకశిరలో ఒక పెళ్ళిలో తెలిసింది. పందిట్లో ప్రతి మూడో ఆడమనిషీ గోరింకలే కట్టుకుని ఉంది. మెడలు విరిగిన గోరింకలు, కోడిపిల్లల్లా ఉన్నాయి. వడ్డించే ఆమె కూడా అదే చీర కట్టుకుంది. అన్న విస్తరి మడిచేసి లేచాడు. ఇంటికొచ్చి, గడప దాటకుండా, వీధి కొళాయి కింద కూర్చుని నెత్తిన మూడు చెంబులు పోసుకున్నాడు.

"నా కొడుకు సచ్చినాడు. వానికి నీళ్ళొదిలేసినా," అన్నాడు.

మా వదిన వెంకటలక్ష్మమ్మ తువ్వాలు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ధనుంజయ పేరు ఎవరూ ఎత్తలేదు.

ఈ ఏడు ఉగాది పోయిన వారానికి అన్న నన్ను మగ్గం దగ్గరికి పిలిచాడు.

"ఏరా గంగా, జ్యేష్ఠ బహుళ పంచమికి ఏడాది నిండుతాది. వాని దివసం చేస్తా. అయ్యవారికి చెప్పినా. రొళ్ల నుంచి పుట్టమ్మత్తను, మడకశిరోళ్ళను పిలుస్తా."

"బతికినోనికి దివసమేందన్నా? పిండం వాడే వచ్చి తింటాడా?"

"నాకు బతికిలేడు," అని అన్న మళ్ళీ పోగుల మధ్య ఆడించే నాడె అందుకున్నాడు.

నేను అప్పటికి నవ్వాను కానీ సంగతి నవ్వేది కాదు. మాలో నీళ్ళొదిలిన మనిషికి కూడా తిరిగొచ్చే దారి ఉంటుంది. దివసం, అంటే ఏడాది తద్దినం, పెట్టేశాక ఉండదు. పెట్టినవాడు తలుపు తియ్యకూడదు, పెట్టించుకున్నవాడు గడప తొక్కకూడదు. అంటే మా ధనుకు మిగిలింది రెండు నెలలు.

ఇదిలా ఉండగా అన్న కూతురు పావని బెంగళూరు హాస్టలు నుంచి సెలవులకు వచ్చింది. వచ్చిన మూడో రోజున నన్ను మేడ మీదికి పిలిచింది.

"చిన్నాయనా, ప్రతి ఆదివారం నన్ను పెనుకొండకు తోడుకోని పోవాల. ఆడికి ధను అన్న వస్తాడు. నాయనతో బ్యాంకు పరీక్షల కోచింగని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా, పాపా? నన్ను?" అన్నాను, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. ఆ పిల్ల నా ముఖం చూసి పకపకా నవ్వింది.

పెనుకొండ ధర్మవరానికీ హిందూపురానికీ మధ్యలో ఉంటుంది. అక్కడ పావని స్నేహితురాలు హరిణి వాళ్ళ అవ్వ ఇల్లు ఉంది. హరిణి తమ్ముడు అరుణ్ కూడా ఉన్నాడు. అన్నాచెల్లెళ్ళు ఏడాది తర్వాత కలుస్తున్నారు, కన్నీళ్ళు పెట్టుకుంటారేమో అని నేను తువ్వాలు కూడా పట్టుకుపోయాను. పోయి చూస్తే చాప పరిచి, గీతల కాగితం వేసి, దాని మీద దారం చుట్టే ఖాళీ కండెలు నిలబెట్టి కూర్చున్నారు. మగ్గం కండెలే. మా ఇంట్లోంచి ఎత్తుకొచ్చినవి.

"ఇదేం ఆట? గుజ్జనగూళ్ళా?"

పావని చెప్పింది. ఒక్కొక్క కండె ఒక్కొక్క మనిషంట. ఎర్రదారం చుట్టిన కండె భైరవసింగమనే వీరుడు. అది మా ధనుది. తెల్లదారం సాధువు, హరిణిది. పచ్చదారం విలుకాడు, అరుణ్‌ది. వాడి చెవులు కొనదేలి ఉంటాయట. ఎందుకురా అంటే ఆ జాతి అంతే అంట. పావనికి కండె లేదు. లోకమంతా ఆ పిల్లదే. అడవి, కోట, రాక్షసులు, వాన, అన్నీ తనే చెబుతుంది. వీళ్ళు "నేను తలుపు తన్నుతా", "నేను చెట్టెక్కుతా" అంటారు. తన్నేది లేదు, ఎక్కేది లేదు. కూర్చున్నచోటే కూర్చుని, ఇరవై ముఖాల గోళీ ఒకటి దొర్లిస్తారు. పెద్ద అంకె పడితే తలుపు విరిగినట్టు. చిన్నది పడితే కాలు విరిగినట్టు. ఇరవై రెండేళ్ళు దాటిన గాడిదలు! ఇంజనీరింగు చదివిన తలకాయలు!

ఆ మొదటి ఆదివారమే భైరవసింగం చచ్చాడు. వంతెన దగ్గర ఉడుము తల రాక్షసి కొట్టింది. పడిపోయాక బతకడానికి మూడు అవకాశాలు ఇస్తారు. మా ధను మూడుసార్లు గోళీ దొర్లించాడు. నాలుగు, రెండు, ఏడు.

"భైరవసింగం ఊపిరి ఆగిపోయింది," అంది పావని. కండెను పక్కకు పడుకోబెట్టింది. హరిణి కళ్ళు తుడుచుకుంది.

"పాపా, సచ్చింది కండె గదమ్మా," అన్నాను. "సరే, ఎత్తేది ఎప్పుడు? గుండు ఎవురు కొట్టించుకుంటారు? ఆ చెవులోనికి చెప్పండి, వానికైతే వెంట్రుకలు బాగుండాయి."

"లేపుతాం, చిన్నాయనా," అంది పావని. "వజ్రం కావాల. దాన్ని పొడి చేసి సాధువు మంత్రం చదవాల. గడువు లోపల చెయ్యాల. సచ్చినోని ఆత్మ కూడా సరే అనాల. అప్పుడు లేస్తాడు."

నాకు నవ్వు ఆగలేదు. వజ్రం ఉంటే చచ్చినవాడు లేస్తాడట! అలాగైతే నగల అంగడివాళ్ళ ఇళ్ళలో ఎవరూ చావకూడదు. చావంటే వీళ్ళకు చినిగిన చొక్కా అయిపోయింది, టైలరుకిస్తే కుట్టిస్తాడు. నేను మా అమ్మను మోసినవాణ్ణి. భుజం మీద ఆ బరువు ఎలా ఉంటుందో ఈ కండెలాడించేవాళ్ళకు ఏం తెలుసు?

రైల్లో తిరిగొచ్చేటప్పుడు పావని కిటికీలోంచి చూస్తూ, "నాయన నిజంగానే చేస్తాడా, చిన్నాయనా?" అంది. దేని గురించి అని నేను అడగలేదు.

ఇంటికి రాగానే అన్న అడిగాడు. "కోచింగు ఎట్ల ఉండాది?"

"బ్రహ్మాండం. సారు సావా బతుకా అనేటట్టు పరీక్షలు పెడతాండాడు," అన్నాను. అన్న తల ఊపి, కాళ్ళు గుంతలో పెట్టుకున్నాడు. ఎంత అమాయకుడు అనుకున్నాను. నాకు జాలి కూడా వేసింది.

రెండో వారానికి నన్ను కూడా ఆటలోకి లాగారు. నేను దొంగను. బూడిదరంగు దారం. వజ్రం ఒక పిసినారి రాజు దగ్గర ఉంటే, ఆయన చచ్చిపోయిన మామగారి ఆత్మను నేనేనని చెప్పి మూడు వారాల్లో కొట్టేశాను. గోళీ దొర్లించే పని కూడా పెద్దగా లేకుండా పోయింది. నా అబద్ధాలు వినీ వినీ పావనే "సరే, నమ్మినాడు పో" అనేది. చచ్చినవాడి వేషమైనా, ఆ రాజు నన్ను కాళ్ళు మొక్కి సాగనంపాడు. బాగానే ఉండింది లెండి. అయినా పనికిమాలిన ఆటే.

నాకు అర్థం కానిది ఒకటే. భైరవసింగం చచ్చాడు. చచ్చినవాడికి ఆటలో పని లేదు. అయినా మా ధను ప్రతి ఆదివారం హిందూపురం నుంచి రైలెక్కి వచ్చి, గోడకు ఆనుకుని శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవాడు. వాళ్ళమ్మ కోచింగు పిల్లలకని కట్టిచ్చిన ఒలిగలు, అవే బొబ్బట్లు, తినేవాడు. పడుకోబెట్టిన ఆ ఎర్ర కండె వైపు చూసేవాడు.

"ఏం నాయనా, సచ్చినోనివి ఇంటికాడ పండుకోక ఈడికెందుకు వస్తాండావు?" అని ఒకసారి ఏడిపించాను.

"సచ్చినోనికి వేరే పనేముంటాది, చిన్నాయనా," అన్నాడు.

దివసం సంగతి వాడికి చెప్పింది నేనే. మొదటి ఆదివారమే చెప్పేశాను. నా కడుపులో మాట దాగదు. వాడు విని, ఇంకో శనక్కాయ ఒలుచుకున్నాడు.

అయిదో వారం వజ్రం పొడి చేశారు. అంటే, కాగితం మీద వజ్రాన్ని కొట్టేశారు. హరిణి కళ్ళు మూసుకుని మంత్రం చదివింది. పావని గొంతు మార్చి, "భైరవసింగా, నీ తోడోళ్ళు పిలుస్తాండారు. తిరిగి వస్తావా?" అంది.

మేమంతా గోడ వైపు చూశాం. ధను శనగపొట్టు దులుపుకున్నాడు.

"రాను," అన్నాడు.

"అన్నా!"

"రానంటే రాను. పిలిచేది మీరు. పిలవాల్సినోళ్ళు పిలవలేదు. సచ్చినోన్ని సచ్చినట్టే ఉండనీండి."

అరుణ్ పుస్తకం తిరగేసి, "ఆత్మ ఒప్పుకోకపోతే మంత్రం పనిచెయ్యదు, రూలు ఉండాది," అని గొణిగాడు. ఆ చెవులవాడికి ఒకటి ఇద్దామనిపించింది. పావని మాత్రం ఏడవలేదు. "మంత్రం బలం ఇంకో వారం ఉంటాది," అని కాగితం మడిచింది. పంచమికి అప్పటికి రెండు వారాలుంది.

ఈ తండ్రీకొడుకులను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకడు పిలవడు, ఒకడు పిలవందే రాడు. ఇద్దరికీ కలిపి ఒక్క మెడే, అదీ వంగదు. వీళ్ళకు తగినది ఒక్కటే, నా చేతిలో మోసపోవడం. అన్నకు ఒక కట్టుకథ అల్లాను. పెనుకొండలో ఒక ముసలామె దగ్గర ఆయన ముప్పై ఏళ్ళ కిందట నేసిన చీర ఉంది, అంచు చిరిగింది, నేసినవాడి చేత్తోనే బాగు చేయించుకోవాలని పట్టుబట్టి కూర్చుంది అన్నాను. అన్న ఒక్క ప్రశ్న వేయలేదు. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. రైల్లో నేను లోలోపల ఎగురుతున్నాను. నా జీవితంలో ఇంత సులభంగా ఎవరూ పడలేదు.

గుమ్మంలో అన్నను చూసి ధను లేచి నిలబడ్డాడు. శనక్కాయలు చాప మీద పడ్డాయి. హరిణి వాళ్ళ అవ్వ మంచినీళ్ళు తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, చెంబు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అన్న ముసలామె ఏదని అడగలేదు. చాప చివర కూర్చున్నాడు.

"ఇదేం కోచింగమ్మా?" అన్నాడు పావనితో.

"ఆట, నాయనా. ఎర్ర కండె మనిషి సచ్చిపోయినాడు. లేపాలని చూస్తాండాం. నువ్వు..." ఆ పిల్ల ఎర్ర కండెను ఆయన ముందుకు జరిపింది. "నువ్వు సచ్చినోళ్ళ లోకానికి కావలి. వాన్ని వదిలిపెట్టేది నీ చేతిలో ఉండాది. ఏమంటావు?"

అన్న ముందుకు వంగి, ఆ కండెతో మాట్లాడుతున్నట్టే, "నా గోరింకలు?" అన్నాడు.

గోడ దగ్గర నుంచి ధను జవాబిచ్చాడు. "ఆపేసినా, నాయనా. ఏడు నెలలాయె. మరమగ్గం మీద ఆ అంచు ఏసే చిల్లుల కార్డులన్నీ తీసి పెట్టె కట్టి పెట్టినా."

"నాకు చెప్పలేదే."

"సచ్చినోడు ఎట్ల చెప్తాడు?"

పావని గోళీ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "పది దాటితే లేస్తాడు, నాయనా," అంది. ఆయన దాన్ని చింతగింజ వేసినట్టు వేశాడు. మూడు పడింది. "అయిపాయె," అన్నాడు అరుణ్. ధను తల దించుకున్నాడు.

అన్న గోళీ వంక చూడనేలేదు. పడుకోబెట్టిన ఎర్ర కండెను తీసుకుని, ఊడిన దారం చివరను వేలికి తడి చేసుకుని అతికించి, దాన్ని నిలబెట్టాడు.

"పెద్దాయనా, మూడే పడింది," అన్నాడు అరుణ్, పుస్తకం చూపిస్తూ.

"ఆ రాయిని ఎవురడిగినారు?" అన్నాడు అన్న. లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరగకుండానే, "ఇంటికాడ తలుపు ఏసి లేదు," అన్నాడు. ఆ మీదట రైలు టైము అడిగాడు.

నా పాచిక పారిందని వారం రోజులు వీధంతా చెప్పుకున్నాను. కానీ ధను రాలేదు. సోమవారం లేదు, శుక్రవారం లేదు. అన్న దివసం ఆపుతున్నానని అనలేదు. ఇంట్లో పప్పులు విసిరారు, మగ్గం గది కడిగారు, వీధిలో షామియానా గుంజలు పాతారు. నాకు మొదటిసారి నిద్ర పట్టలేదు. పావనిని అడిగితే, "నాకేం తెల్దు, చిన్నాయనా," అని ముఖం తిప్పుకుంది.

పంచమి రోజు పొద్దున్నే రొళ్ల నుంచి పుట్టమ్మత్త ఆటోలో దిగింది. చేతిలో పూలతట్ట, సంచిలో కొత్త పంచె.

"అత్తా, దివసానికి పూలేంది? కొత్తబట్టలేంది? మతి పోయిందా?" అన్నాను.

"నీకే ఉండాదిలే మతి," అని నన్ను పక్కకు తోసి లోపలికి పోయింది.

ఎనిమిది దాటింది. హిందూపురం ప్యాసింజరు వచ్చి పోయిన కూత వినిపించింది. నేను వీధి చివరకు పోయి నిలబడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గేగానీ, మొక్కుకున్నాను కూడా. కాసేపటికి మా ధను వచ్చాడు. నెత్తిన ఒక అట్టపెట్టె. అందులో గోరింకల కార్డులు. గడప ముందు ఆగిపోయాడు. వదిన లోపలి నుంచి, "కాళ్ళు కడుక్కోరా, ఉప్మా సల్లారిపోతాది," అంది, వాడు అంగడికి పోయి ఆలస్యంగా వచ్చినట్టు.

వాడు గడప దాటాడు. అన్న పెట్టె అందుకుని మగ్గం కింద పెట్టాడు. అంతే. ఒకరినొకరు కావలించుకోలేదు. మా ఇంట్లో అలాంటివి లేవు.

ఇంక అయ్యవారిని వెనక్కి పంపాలి కదా అని నేను ఆయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన అప్పటికే ఇటుకలు పేర్చి, నెయ్యి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"సామీ, పిల్లోడు వచ్చినాడు. దివసం వద్దు."

"దివసమా?" అయ్యవారు నన్ను ఎగాదిగా చూశాడు. "ఉగాది నాడే మీ అన్న ఆయుష్షు హోమమని గదప్పా చెప్పింది. పిల్లోని నక్షత్రం కూడా రాసిచ్చినాడే. రోహిణి, రెండో పాదం. ఔనా?"

పుట్టమ్మత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రైల్లో "నాయన నిజంగానే చేస్తాడా" అని నన్నడిగిన పావని తలుపు వెనక్కి జరిగింది. వదిన భుజాలు కదులుతున్నాయి. అందరికీ తెలుసు. రొళ్లకు తెలుసు, మడకశిరకు తెలుసు. తెలియనిది ధనుకూ నాకూ మాత్రమే.

నేను అన్నను మగ్గం గదిలోకి లాక్కుపోయాను.

"వాడు రాకుంటే ఏం చేస్తాంటివి?"

"రాకున్నా చేస్తాంటి. పేరూ నక్షత్రమూ చాలన్నాడు అయ్యవారు."

"కోచింగు?"

"పాప వచ్చిన దినమే చెప్పింది. ఒలిగలు లెక్కగా కట్టింది మీ వదిన."

"ముసలామె చీర?"

"అది వింటానే నవ్వొచ్చింది. ఆపుకునేదానికి ఇంత తిప్పలు పడినా."

"అట్లయితే నాతో దివసమని ఎందుకంటివన్నా? నాకొక్కనికే ఎందుకు?"

మా అన్న ముప్పై ఎనిమిదేళ్ళలో మొదటిసారి నా ముందు పళ్ళు కనిపించేలా నవ్వాడు.

"నేను సచ్చినోనికి కబురు పంపకూడదు గదరా. నీ సెవిలో ఏస్తే ఆదివారానికల్లా హిందూపురం చేరుతాదని తెలుసు."